అడగకుండా ఇచ్చిన పేరు

శ్రావణం వచ్చిందంటే లంబాడీ తండాల్లో ఆడపిల్లలదే రాజ్యం. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న రాళ్లవాగు తండాలోనూ అంతే. పెళ్లికాని పిల్లలందరూ వెదురుబుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లారు. తండా పెద్ద ధన్‌సింగ్ నాయక్ ఇంటి ముందు పందిరి వేసి, బుట్టలన్నీ దానిమీద వరసగా పెట్టారు. పొద్దునా సాయంత్రం నీళ్లు తెచ్చి పోయడం, చుట్టూ తిరుగుతూ పాడడం, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం. దీన్నే తీజ్ అంటారు. మొలకలు ఎదిగాక తండా అంతా కలిసి వెళ్లి వాగులో వదిలి వస్తారు.

ఆ సాయంత్రం నీళ్లు పోయడం అయ్యాక పిల్లలంతా కవిత ఇంటికి వచ్చి ఆమె మంచం చుట్టూ మూగారు. కవిత బానోత్ రూప్‌సింగ్ పెద్దకూతురు. ఖమ్మంలో నర్సింగ్ చదువుతోంది. పండగకు సెలవు పెట్టి వచ్చింది. తండా ఆడపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది ఆమె ఒక్కదానికే. మిగతా ఇళ్లలో ఫోన్ అంటే తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉండే వస్తువు. ఆడపిల్ల ముట్టుకోవాలంటే ఏదో ఒక సాకు చెప్పాలి.

ఆ ఫోన్‌లో కవిత కొత్త యాప్ వేసుకుంది. దాని పేరు ‘తీజ్ సందడి’. సత్తుపల్లిలో ఉదయ్ భాస్కర్ అనే ఇంజనీరు కుర్రాడు తయారుచేశాడు. తండాకొక పేజీ. అందులో ఆ తండా పిల్లల ఫొటోలు, పాటల వీడియోలు. ఏ తండా నుంచి ఎక్కువమంది పేర్లు ఎక్కితే ఆ తండాకు ‘ఈ ఏటి మేటి తండా’ అని కిరీటం బొమ్మ వేస్తారట. వాగు అవతలి తండా అప్పటికే ముందుంది. ఇంక చూసుకోండి మన పిల్లల పౌరుషం!

“జల్దీ చెప్పుండ్రే, చార్జింగ్ అయిపోతున్నది,” అంది కవిత.

“నాది రాయక్కా! చాంది అని పెట్టు. ఫొటో జర మంచిగ తియ్యి, మొన్నటి లెక్క కండ్లు మూసినప్పుడు తియ్యకు.”

“నువ్వు కండ్లు తెరిచినా గట్లనే ఉంటవ్‌లే,” అని ఇంకో పిల్ల అంటే అందరూ పకపకా నవ్వారు.

యాప్ ఒక్కొక్కటే అడుగుతోంది. పేరు, వయసు, తండ్రి పేరు, తండా, గోత్, ఏం చదువుతున్నారు, ఎక్కడ చదువుతున్నారు, ఫోన్ నంబరు, ఫొటో. కవిత కొడుతూ పోయింది. ఫోన్ నంబరు దగ్గర ఆగి, “మీకెట్లాగూ ఫోన్‌లు లేవు గద, అందరికీ నా నంబరే కొడుతున్న,” అంది. ఎవరూ కాదనలేదు. తండాలో అది కొత్త సంగతీ కాదు. గ్యాస్ బుకింగ్ దగ్గర్నుంచి కాలేజీ అప్లికేషన్ దాకా పది ఇళ్లకు ఒకే నంబరు నడుస్తుంది. ఫోన్ ఉన్నవాళ్లు లేనివాళ్లకు చేసే సాయం అది. మధ్యలో “మీరున్న చోటు తెలుసుకోవచ్చా? మీ ఫొటోలు చూడొచ్చా?” అని యాప్ అడిగింది. అడిగిన ప్రతిసారీ ‘అనుమతించు’ అన్నచోట కవిత బొటనవేలు దానంతటదే పడింది.

“మరి భాను పేరు?” అంది చాంది.

భాను కవిత చెల్లెలు. భద్రాచలంలో ఆడపిల్లల గురుకుల కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు. పరీక్షలున్నాయని పండగకు రాలేదు. తల్లి సక్రి చిన్నకూతురి పేరున బుట్ట పెట్టి, తనే నీళ్లు మోసి పోస్తోంది.

“దాని బుట్ట ఉన్నప్పుడు దాని పేరు ఉండొద్దా ఏంది?” అని కవిత చెల్లెలి వివరాలూ ఎక్కించేసింది. జూన్‌లో కాలేజీలో చేర్చిన రోజు గేటు ముందు తీసిన ఫొటో ఉంది. ఆకుపచ్చ యూనిఫాంలో భాను నవ్వుతూ నిలబడింది. వెనక కాలేజీ బోర్డు. ఎంత బాగుందో అనుకుని అదే పెట్టింది.

అయ్యలారా, అమ్మలారా! ఇందులో తప్పేముంది, పిల్లల సరదా కదా అని మీకు అనిపిస్తే, అక్కడ కూర్చున్నవాళ్లకీ అలాగే అనిపించింది. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. తీజ్ బుట్ట పెట్టేది పెళ్లికాని పిల్ల మాత్రమే. గోత్ అంటే వంశం పేరు. ఒకే గోత్ వాళ్లు పెళ్లి చేసుకోరు కాబట్టి, సంబంధం చూసేవాడు మొదట అడిగేది గోత్‌నే. ఇప్పుడు ఆ యాప్ తెరిచిన ఏ ముక్కూమొహం తెలియనివాడికైనా ఒక ఆడపిల్లకు పెళ్లి కాలేదనీ, ఆమె గోత్ ఫలానా అనీ, ఫలానా ఊళ్లో ఫలానా కాలేజీలో ఉంటుందనీ తెలిసిపోతుంది. చూడడానికి ఫొటో, చేయడానికి ఫోన్ నంబరు. ఇంటి తలుపు తీసిపెట్టి, తాళంచెవి కూడా చేతికిచ్చినట్టు! ఇచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. తీసుకున్నవాడు ఆలోచించలేదు.

రాళ్లవాగు తండాకు కిరీటం వచ్చింది. పిల్లలు కేకలు పెట్టి గంతులేశారు. మొలకల్ని వాగులో వదిలారు. పండగ ముగిసింది.

ఫోన్‌లు మొదలయ్యాయి.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు కవిత, సెలవు ఇంకా మిగిలి ఉండడంతో, పత్తిచేలో తల్లితోపాటు కలుపు తీస్తోంది. కొత్త నంబరు. ఎత్తితే మగగొంతు. “చాంది ఉన్నదా?” అన్నాడు. “మీరెవరు?” అంటే “సంబంధం గురించి” అన్నాడు. కవిత నవ్వుకుని, చాంది తండ్రితో మాట్లాడుకోమని పెట్టేసింది. ఆ తర్వాత ఇంకొకడు ఇంకో పిల్ల పేరు చెప్పాడు. తర్వాత ఎవడో పేరు కూడా చెప్పకుండా, “ఏం జేస్తున్నవ్?” అని నవ్వాడు. కవిత ఆ నంబరు రాకుండా ఆపేసింది. వేరే నంబరు నుంచి వచ్చింది. అన్నం తింటుంటే మోగేది. బట్టలు ఉతుకుతుంటే మోగేది.

రూప్‌సింగ్ మంచివాడే. కానీ ఆడపిల్లలున్న తండ్రి. ఇద్దరినీ బయట ఊళ్లలో చదివిస్తున్నందుకు “ఆడపిల్లలకు గంత సదువెందుకు?” అని అన్నదమ్ముల చేత మాటలు పడుతున్నవాడు. కూతురి ఫోన్‌లో పూటపూటా మగగొంతులు వినిపిస్తుంటే ఎన్నాళ్లు ఊరుకుంటాడు?

“ఎవలే గాళ్లు?” అన్నాడు ఒకరోజు, పళ్లెం ముందునుంచి లేచి.

“తెల్వదు బాపూ. రాంగ్ నంబర్.”

“రాంగ్ నంబర్ రోజూ వస్తదా? నీ పేరు, చాంది పేరు గట్ల చెప్తదా?”

సక్రి మధ్యలోకి వచ్చింది. “తిననియ్యి ముందు. బిడ్డ అబద్ధం చెప్తదా?”

కవిత అబద్ధం చెప్పలేదు. నిజంగానే తెలియదు. తెలిసింది ఆ మర్నాడే. ఫోన్‌లో ఒకడు, “ఆకుపచ్చ డ్రెస్సులో మీ చెల్లె మస్తుగున్నది. భద్రాచలంల ఉంటది గద?” అన్నాడు.

ఆ ఫొటో కవిత ఒక్కచోటే పెట్టింది. యాప్ తెరిచింది. భాను నవ్వుతూ కనిపించింది. ఆ పేరు తీసేద్దామని వెతికింది. ఎక్కడా ‘తీసెయ్’ అన్న మీట లేదు. పైన వెతికింది, కింద వెతికింది. ఎక్కించడానికి ఎన్ని తలుపులో! తీయడానికి ఒక్కటి కూడా లేదు. యాప్ వాళ్లకు మెసేజ్ పెట్టింది. ‘మీ సందేశం అందింది, ధన్యవాదాలు’ అని దానంతటదే జవాబు వచ్చింది. మనిషి మాత్రం ఎవరూ పలకలేదు. చివరికి తన ఫోన్‌లోంచి యాప్‌నే తీసేసింది. ఇక్కడ తీసేస్తే అక్కడ కూడా పోతుందనుకుంది పాపం. మనలో ఎంతమందిమి అలా అనుకోవడం లేదు?

తండ్రికి చెబుదామనుకుంది. చెబితే ముందు భాను చదువు మీదికి వస్తుంది. తర్వాత తన చదువు మీదికి. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారులే అనుకుని నోరు మూసుకుంది. చెప్పాల్సిన మాట చెప్పకపోవడంతోనే మన ఇళ్లలో సగం ఆపదలు పెద్దవవుతాయి.

వాళ్లు మర్చిపోలేదు. ఆదివారం మధ్యాహ్నం రూప్‌సింగ్ ఫోన్ మోగింది. భాను కాలేజీ నుంచి వార్డెన్ మేడమ్.

“రూప్‌సింగ్ గారూ, మీ బావమరిది వచ్చిండు. మీ ఆవిడకు సీరియస్‌గా ఉన్నదట గద? ఖమ్మం దవాఖానాల వేసిండ్రట. భానును తీస్కపోతా అంటుండు. మీ పేరు, తండా పేరు, గోత్ అన్నీ కరెక్టుగనే చెప్పిండు. పాప ఫొటో కూడా చూపెట్టిండు. రూలు ప్రకారం మీకొకసారి చెప్పి పంపుదామని చేసిన.”

సక్రి అతని ఎదురుగానే ఉంది. చేటలో కందిపప్పు చెరుగుతోంది.

“మేడమ్!” రూప్‌సింగ్ అరిచాడు. “నా పెండ్లాం ఈడనే ఉన్నది. దానికి అన్నదమ్ములే లేరు. నాకు బావమరిదే లేడు మేడమ్! పిల్లను పంపకుండ్రి! మీ కాళ్లు మొక్కుత, పంపకుండ్రి!”

చేట సక్రి చేతిలోంచి జారింది. పప్పు నేలంతా చెల్లాచెదురైంది.

వార్డెన్ గేటు దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే ఆ మనిషి లేడు. లోపల ఫోన్ మాట్లాడుతున్నారని పసిగట్టి బండి ఎక్కి పోయాడు. గేటు లోపల భాను, అమ్మకు ఏమైందో అని ఏడుస్తూ, బట్టల సంచి భుజాన వేసుకుని, పోవడానికి తయారుగా నిలబడి ఉంది.

ఆ తల్లీ తండ్రీ భద్రాచలం ఎలా చేరారో వాళ్లకే తెలియదు. బస్సులో ఎక్కిన ప్రతి మగవాణ్నీ రూప్‌సింగ్ అనుమానంగా చూశాడు. కాలేజీలో భాను కనబడగానే సక్రి ఆమెను పొట్టకు కరుచుకుని, బతికున్నానే బిడ్డా, బాగున్నానే అని తన భాషలో ఏడ్చింది. రూప్‌సింగ్ వార్డెన్‌కు చేతులెత్తి మొక్కాడు. “ఇంటికి తోల్కపోత మేడమ్,” అన్నాడు. ఎన్ని రోజులకని ఆమె అడిగితే, కూతురి సంచి అందుకుని గేటు వైపు నడిచాడు.

ఇంటికి వచ్చాక కవిత తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. యాప్ సంగతి, ఫొటో సంగతి, ఫోన్‌ల సంగతి. ఏదీ దాచలేదు. రూప్‌సింగ్ ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టబోయాడు. సక్రి అతని చెయ్యి పట్టుకుంది.

“పలగ్గొడితే బిడ్డ ఫొటో ఎనక్కొస్తదా? గా నంబర్లన్నీ దాంట్లనే ఉన్నయ్. రేపు పోలీసులకు ఏం చూపెడతవ్?”

రూప్‌సింగ్ ఫోన్ మంచం మీదికి విసిరాడు. “అయితే ఇను. ఇద్దరి సదువూ బంద్. భాను గడప దాటొద్దు. దసరా లోపల సంబంధం జూస్త.”

“బాపూ, దానికి పదహారేండ్లు! పద్దెనిమిది నిండకుండ చేస్తే నేరం.”

“నేరమా? నా బిడ్డను ఎవడో దొంగ నా బావమరిదినని తీస్కపోతుంటే అది నేరం కాదా? నన్ను జైల్ల ఎయ్యమను పో!”

భాను ఒక మూల మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఫోన్ ఎప్పుడూ చేతపట్టని పిల్ల, ‘అనుమతించు’ అని ఎక్కడా నొక్కని పిల్ల. ఇంట్లో శిక్ష పడింది మాత్రం ముందుగా ఆమెకే.

మర్నాడు ధన్‌సింగ్ నాయక్ రూప్‌సింగ్‌నూ కవితనూ వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇప్పించాడు. అక్కణ్నుంచి రూప్‌సింగ్ ఇంటికి పోతే, నాయక్, కవిత సత్తుపల్లి బస్సు ఎక్కారు.

ఉదయ్ భాస్కర్ ఇల్లు పట్టణం చివర, పామాయిల్ తోట పక్కన. వాళ్ల తాతల కాలంలో కృష్ణాజిల్లా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. అతని తల్లి నిర్మలాదేవి వరండాలో కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చింది. విషయం విన్నాక ఉదయ్ మొహం మాడింది. అతను చెడ్డవాడు కాదు. తండాల పాటలంటే నిజంగా ఇష్టం. ఆ ఇష్టంతోనే రాత్రనక పగలనక కష్టపడి యాప్ కట్టాడు. కానీ తప్పు మన మీదికి వచ్చినప్పుడు మంచివాళ్లం కూడా ముందు లాయరు భాషే మాట్లాడతాం.

“చూడమ్మా, మా యాప్ ఎవరి వివరాలూ దొంగతనంగా తీసుకోలేదు. మీరే ఎక్కించారు. ప్రతిదానికీ అనుమతి అడిగాం. మీరు నొక్కారు,” అన్నాడు.

“అవ్ సార్, నొక్కిన. నాది తప్పే,” అంది కవిత. “కానీ మా చెల్లె కాలేజీ పేరు మీకెందుకు సార్? పాటలు వినేదానికి కాలేజీ పేరెందుకు? గోత్ ఎందుకు?”

ఉదయ్ తడుముకున్నాడు. “అంటే... మీవాళ్లు కలిస్తే గోత్ అడుగుతారని ఎవరో చెబితే పెట్టాను. మిగతావి కూడా ఉంటే మంచిదే కదా, ముందు ముందు పనికొస్తాయని...”

“దేనికి పనికొస్తయ్?”

‘ఉంటే మంచిదే కదా!’ ఎంత తేలికైన మాట! ఎదుటివాడి వివరాల విషయంలో ఈ కాలాన్ని పట్టిన రోగం ఈ మాటలోనే ఉంది.

“అయినా అవి బయటివాళ్లకు కనబడవు. యాప్‌లో చేరినవాళ్లకే కనబడతాయి,” అన్నాడు ఉదయ్ కాస్త తేరుకుని.

“చేరడానికి ఏం గావాలె?” అన్నాడు ధన్‌సింగ్.

“ఫోన్ నంబరుంటే చాలు.”

లోపలి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న అతని చెల్లెలు దీపిక ముందుకు వచ్చింది. ఆమె ఖమ్మంలో ఇంజనీరింగ్ చదువుతోంది. “అయితే నా ఫోన్‌లో వెయ్యి అన్నయ్యా, చూద్దాం,” అంది.

వేశారు. దీపిక నోటికొచ్చిన మగపేరు ఒకటి కొట్టింది. యాప్ మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. రాళ్లవాగు తండా అని వెతికింది. భాను ఫొటో వచ్చింది. దాని కింద వయసు, తండ్రి పేరు, గోత్, కాలేజీ, ఫోన్ నంబరు. ఇంకొక చోట వేలు పెడితే మ్యాపు తెరుచుకుని, రూప్‌సింగ్ ఇంటి దగ్గర ఎర్రచుక్క పడింది.

నిర్మలాదేవి ఆ ఫోన్ తీసుకుని కళ్లద్దాలు సర్దుకుని చూసింది. “ఏరా, ఇందులో దీపిక ఫొటో పెడతావా? దాని కాలేజీ, దాని నంబరు, మన ఇల్లు ఎక్కడో, ఇవన్నీ పెడతావా?” అంది కొడుకుతో.

“అమ్మా...”

“పెట్టవు. మన పిల్లయితే మనకు తెలుస్తుంది. పరాయి పిల్లయితే ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. వెళ్లరా. వెళ్లి ఆ పిల్ల తండ్రి ముందు నిలబడు.”

ఉదయ్ అప్పటికప్పుడు లోపలికి వెళ్లి యాప్ ఆపేశాడు. పోలీసులకు ఇవ్వాల్సినవి విడిగా దాచి, కవిత కళ్లముందే తండాల పేజీలన్నీ, పేర్లన్నీ, ఫొటోలన్నీ తుడిచేశాడు. మర్నాడు సాయంత్రం తండాకు వస్తానన్నాడు. రాడేమోనని నాయక్ అనుమానపడ్డాడు. కానీ వచ్చాడు. తల్లి కూడా వెంట వచ్చింది.

నాయక్ ఇంటి ముందు తండా అంతా చేరింది. మగవాళ్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒకరిద్దరు ఉదయ్ చొక్కా పట్టుకునేటట్టే ఉన్నారు. ధన్‌సింగ్ చెయ్యెత్తి ఆపాడు. “మన గడపలకు తనంతట తాను వచ్చిండు. ముందు మాట ఇందాం,” అన్నాడు.

ఉదయ్ తల వంచుకుని నిలబడ్డాడు. “అవసరం లేనివన్నీ అడిగాను. అడిగినవి దాచలేదు, అందరికీ కనబడేట్టు వదిలేశాను. తీసేసుకునే దారి పెట్టలేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తల్లిదండ్రుల్ని అడగకుండా తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. నేను వయసు అడిగాను గానీ తల్లిదండ్రుల్ని అడగలేదు. తప్పయింది. పోలీసులకు నా దగ్గరున్నవన్నీ ఇచ్చాను. ఎవరెవరు ఈ తండా పేజీ చూశారో అదీ ఇచ్చాను. యాప్‌లో ఉన్నదంతా తుడిచేశాను,” అన్నాడు.

రూప్‌సింగ్ లేచాడు. కొట్టడానికి వస్తున్నాడేమోనని నిర్మలాదేవి భయపడింది. అతను కొట్టలేదు. చాలా మెల్లగా అడిగాడు.

“సారూ, నువ్వు తుడిచినవ్. మంచిదే. వాని ఫోన్ల నా బిడ్డ ఫొటో ఉన్నది గద, అది తుడవగలవా?”

ఉదయ్ తన చేతిలోని ఫోన్ వైపు చూసుకున్నాడు.

“చెప్పు సారూ. వాడు ఇంకెవనికన్న పంపితే, అది తుడవగలవా?”

“తుడవలేనండీ,” అన్నాడు ఉదయ్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఒకసారి బయటికి పోయిందాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.”

“మరి నేను ఏ ధైర్యంతోని పిల్లను పంపాలె?” రూప్‌సింగ్ అన్నాడు. “చదివించాలనే ఉండె. టీచరైతదని తండా అంతా చెప్పుకున్న. ఇప్పుడు గేటు కాడ ఎవడు నిలబడ్డా నా పానం పోతది. ఇంట్ల ఉంటే కండ్లముందన్న ఉంటది. అంతే. ఇగ దీని మీద మాటల్లేవ్.”

ఆ తండ్రి మాట తప్పు అని ఎవరనగలరు? ఆడపిల్ల మీద ఎవడో కన్నేస్తే మనం చేసే మొదటి పని ఆ పిల్లను లోపల పెట్టి గొళ్లెం వేయడం. ప్రేమతోనే వేస్తాం. అయినా గొళ్లెం గొళ్లెమే.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినబడింది. ఇంటికి వచ్చిన నాటినుంచి నోరు విప్పని భాను.

“బాపూ, నేనొక మాట అడగాల్నా?”

ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. భాను వచ్చి తండ్రి ముందు నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

“పోయిన పేరు నాది. పోయిన ఫొటో నాది. ఇప్పుడు సదువు కూడా నాదే పోవాల్నా? గా దొంగ హాయిగ బండి మీద తిరుగుతుండు. నన్ను ఇంట్ల పెడితే వానికేం పోతది? ఇంకో పిల్ల గేటు కాడికి పోతడు. నాకూ భయమే బాపూ. నిద్రల కూడా గేటే కనబడుతున్నది. కానీ మేడమ్ ఫోన్ చేసింది గదా. ఒక్క ఫోన్ చేసి నిన్ను అడిగింది. అందుకే నేను మీ ముందు ఉన్న. నన్ను కాపాడింది గా అడగడమే. తలుపులు వేసుడు కాదు.”

రూప్‌సింగ్ కూతురి వైపు చూశాడు. చిన్నపిల్ల అనుకున్నాడు. ఎప్పుడు పెరిగిందో! సక్రి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నిర్మలాదేవి కూడా కళ్లు తుడుచుకుంది.

“బిడ్డ చెప్పింది నిజం రూప్‌సింగ్,” అన్నాడు ధన్‌సింగ్. “కాలేజీకి మనమే పోదాం. నువ్వో సక్రో ఎదురుంగ నిలబడితేనే పిల్లను పంపాలె, చుట్టమన్నా పక్కమన్నా, గోత్ చెప్పినా ఫొటో చూపినా పంపొద్దని రాసిద్దాం. చాంది వాళ్ల కాలేజీకి కూడా పోదాం. అందరి పిల్లలకూ గట్లనే చేద్దాం.”

రూప్‌సింగ్ సరే అనలేదు. కాదనీ అనలేదు. సంబంధం మాట, ఇద్దరి చదువూ బంద్ అన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆ రాత్రి భాను బట్టల సంచి తనే దులిపి గుమ్మం పక్కన పెట్టాడని సక్రి తర్వాత అందరికీ చెప్పింది.

ఆ గేటు దగ్గరికి వచ్చినవాడు ఎవడో ఇంతవరకూ తెలియలేదు. పోలీసులు వెతుకుతున్నారు. కవిత నంబరు మార్చింది. పాత నంబరుకు ఇప్పటికీ ఎవరో చేస్తూనే ఉండి ఉంటారు. భాను భయం పోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టే. ఆ భయం ఇంకా చాలాకాలం ఉంటుంది. దాని పక్కనే పుస్తకాలు పెట్టుకుని చదవాల్సిందే.

వెళ్లే రోజు రోడ్డు మీద భద్రాచలం బస్సు కోసం నలుగురూ నిలబడ్డారు. రూప్‌సింగ్ సంచి పట్టుకున్నాడు. కూతుర్ని కాలేజీలో దింపి, వార్డెన్‌తో మాట్లాడి వస్తాడు. దూరంగా బస్సు కనబడగానే కవిత ఆగలేక చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

“తప్పు చేసిన చెల్లే. నీకు మంచిగుంటదని పెట్టిన. నన్ను మాఫ్ చెయ్యి.”

భాను అక్కను తోసేయలేదు. చెయ్యి విడిపించుకోలేదు. కానీ ‘పోనీలే అక్కా’ అని తేల్చేయనూ లేదు.

“నువ్వు నా మంచికే ఇచ్చినవ్ అక్కా. గా సారు మంచికే తీస్కున్నడు. బాపు నా మంచికే సదువు బంద్ పెడుతనన్నడు,” అంది. “ముగ్గురూ నన్ను ఒక్క మాట అడగలే. నా పేరు నాది. ఇగనుంచి ఎవలకు ఇయ్యాలన్నా, ఎంత మంచికైనా, ముందు నన్ను అడగుండ్రి.”